చింతలమెరక బీడుకి విత్తనం

మీనాకుమారి పుట్టి పెరిగింది కడియం పక్కన కడియపులంకలో. నాన్నగారికి మూడెకరాల నర్సరీ ఉండేది. గులాబీ అంట్లు, క్రోటన్లు, చాపలా చుట్టి లారీకెక్కించే లాన్ గడ్డి, వీటి మధ్యే ఆమె బాల్యమంతా గడిచింది. పొద్దున లేవగానే పళ్ళు తోముకోవడం కన్నా ముందు నీళ్ళ గొట్టం పట్టుకునేది. మొక్క వాడితే నీళ్ళు పొయ్యాలి, పోస్తే లేస్తుంది. అంతకు మించి ఆలోచించాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. కాలవ ఉన్న ఊరు కదా.

ఇరవై రెండో ఏట సత్యప్రసాద్‌ని పెళ్ళి చేసుకుని కోరుకొండ అవతల చింతలమెరకకి వచ్చింది. రాజమండ్రి నుంచి బస్సులో గంటన్నర దూరమే గానీ, అది వేరే లోకం. ఎర్ర గులకనేల, జీడితోటలు, బోరు పడినవాడికి పామాయిలు, పడనివాడికి ఆకాశం. మొదటి వేసవిలో పెరట్లో మల్లెపాదుకి నీళ్ళు పోస్తుంటే అత్తగారు బిందె పట్టుకుని ఆపేశారు. "గేదె తాగాక మిగిలితే పొయ్యమ్మా" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, మెట్ట ఊరి లెక్క అది.

పాతికేళ్ళు గడిచాయి. అప్పటికి ఆమెకు నలభై ఏడు. నాలుగు ఆవులు, రెండు గేదెలు. ఊళ్ళో పాల సంఘానికి ఆమే కార్యదర్శి. సంఘం అధ్యక్షుడు దొరబాబు గారు పెద్ద రైతు, మాట కాస్త గట్టిగా మాట్లాడతారు గానీ పని దగ్గర వెనక్కి తగ్గే మనిషి కాదు.

ఊరికి ఉత్తరాన ముప్పై ఎకరాల పశువుల బీడు ఉంది. ఒకప్పుడు అక్కడ గడ్డి మోకాలెత్తున ఉండేదని ముసలివాళ్ళు చెబుతారు. మీనాకుమారి ఎరిగిన బీడులో మాత్రం వయ్యారిభామ కలుపు, సర్కారుతుమ్మ, మధ్యలో బోడి నేల, అంతే. పశువులు పొద్దున వెళ్ళి సాయంత్రం అదే డొక్కతో తిరిగొచ్చేవి. బీడుని పంచాయతీ సంఘానికి అప్పగించి, మేత పెంచుకోమని తీర్మానం చేసినప్పుడు, ఏ గడ్డి వెయ్యాలన్న ప్రశ్న రాగానే అందరూ ఆమె వైపే తిరిగారు.

"కడియం ఆడపడుచు ఉండగా మనకేంటండీ" అన్నారు దొరబాబు గారు.

ఆ మాటకి ఆమె పొంగిపోయింది. రెండో ఆలోచన లేకుండా నేపియర్ గడ్డి అంది. బోర్ల కింద ఆ గడ్డి చెరుకులా మనిషెత్తు పెరగడం ఆమె చూసింది. జూన్‌లో కణుపులు తెప్పించి, ఆడవాళ్ళందరినీ కూడగట్టి పదెకరాల్లో నాటించింది. వానలకి బీడు పచ్చబడింది. దసరాకి ఫొటోలు తీసి పుట్టింటికి పంపింది. జనవరికి ఆకు కొసలు మాడాయి. మార్చికి మొదళ్ళు చేత్తో లాగితే ఊడొచ్చాయి. చివరికి పల్లంలో వాననీరు నిలిచే చోట నాలుగు దుబ్బులు మిగిలాయి.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధగా తోచింది. "ఏవండీ, నీళ్ళుంటే ఎవరైనా పెంచుతారు కదా. నాకు వచ్చిందల్లా నీళ్ళు పొయ్యడమేనేమో" అంది భర్తతో. సత్యప్రసాద్, "అయితే నీళ్ళు పొయ్యకుండా బతికేదేంటో చూడు. ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది" అన్నాడు.

తెలిసిన మనిషి సత్తియ్య. అరవై గొర్రెలు, పాతిక మేకలు ఉన్న కాపరి. వయసు డెబ్బైకి దగ్గర. సంఘంలో సభ్యుడు కాడు, ఎందుకంటే సంఘం పాలది, గొర్రెలు పాలకేంద్రానికి రావు. అతన్ని ఎవరూ ఏదీ అడగలేదు. మీనాకుమారి వెళ్ళి అడిగితే అతను మొదట నవ్వాడు.

"నన్నడిగితే ఏం సెప్తానమ్మా? ఆటిని అడగండి" అని మందని చూపించాడు.

"అదెలా బాబాయ్?"

"ఎనకాల నడవండి. ఇప్పుడే నడవాలి మరి, మే నెల్లో. వానలప్పుడు ఏదైనా తింటాయి. మండుటెండలో దేనికోసం ఎతుకుతాయో, అదీ ఆటికి కావలసింది."

ఆ మే నెలలో పన్నెండు రోజులు ఆమె పొద్దున్నే గొడుగేసుకుని పశువుల వెనక నడిచింది. కొడుకు వదిలేసిన పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుంది. ఆవు మూతి ఎక్కడ పెడితే అక్కడ ఆగి, వంగి చూసి, రాసుకునేది. ఎండిన రేగుపొదల కింద ముదురు పసుపురంగులో నిలబడ్డ ఒక గడ్డి ఉంది. చూస్తే చచ్చిన గడ్డి. ఆవులు దానికోసం ముళ్ళలోకి తల దూర్చేవి. తుంపి చూస్తే మొదట్లో లేతపచ్చ ఉంది. రాళ్ళ సందుల్లో పిల్లిపెసర తీగ ఎండి పొడైనా, ఆ పొడిని కూడా గొర్రెలు పెదవులతో ఏరుకునేవి. రేగుకొమ్మకి మేకలు నిలువుగా లేచేవి. నల్లతుమ్మ కాయ రాలితే ఆవుకీ మేకకీ పరుగుపందెమే. అన్నిటికన్నా పచ్చగా కళకళలాడుతున్న వయ్యారిభామని ఒక్కటీ ముట్టలేదు.

ఆ పచ్చదనాన్ని చూసి ఆమె చాలాసేపు నిలబడిపోయింది. పాతికేళ్ళ నుంచీ బీడుని తన కంటితోనే చూసింది. పశువు నోటితో చూడలేదు.

ఆ నోటుపుస్తకం పట్టుకుని మండలంలో పశువుల డాక్టరు లావణ్య దగ్గరికి వెళ్ళింది. లావణ్యకి ముప్పై దాటి ఉండవు. పేజీలు ఒక్కొక్కటీ తిప్పి చదివింది. పొదల కింద తుంపి తెచ్చిన గడ్డిని వేళ్ళతో నలిపి, "ఇది అంజన్ గడ్డి అండి. వేరు లోతుకు పోతుంది, మూడు నాలుగేళ్ళు మళ్ళీ మళ్ళీ చిగురిస్తుంది. మీ బీడులో ఇంకా మిగిలుందంటే అదృష్టమే" అంది. "దీనికి తోడు పప్పుజాతి మేత ఒకటి కావాలి. పిల్లిపెసర వానాకాలానికి సరిపోతుంది. ఎండాకాలం దాకా నిలవాలంటే స్టైలో వెయ్యండి. విత్తనం నేను తెప్పిస్తాను."

"రేగుపొదలు జేసీబీతో పీకించేద్దామంటున్నారండి, దొరబాబు గారు."

"పీకితే ఆ నీడలో ఉన్న అంజన్ కూడా పోతుంది. సర్కారుతుమ్మ తీయించండి చాలు."

విత్తనాలు వచ్చాక లావణ్య రెండు సంగతులు మరీ మరీ చెప్పింది. అంజన్ విత్తనం దూదిలా ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది, తడి ఇసకలో కలిపి చల్లాలి. స్టైలో గింజకి పైన గట్టి పొర ఉంటుంది, అది మెత్తబడితే గానీ మొలవదు. నీళ్ళు పొంగు రాకముందే దించి, ఆ వేడినీళ్ళలో నాలుగు నిమిషాలు ఉంచి, వడగట్టి, నీడలో ఆరబెట్టాలి.

మీనాకుమారి మొదటిది చేసింది. రెండోదానికి చేతులు రాలేదు. పెరట్లో పొయ్యి మీద గుండిగ పెట్టి, సెగలు కక్కుతున్న నీళ్ళ ముందు విత్తనాల చేట పట్టుకుని నిలబడింది. విత్తనం మీద వేడినీళ్ళు పొయ్యడమంటే చంటిపిల్ల మీద పోసినట్టే అనిపించింది. పుట్టింట్లో ఏ విత్తనమైనా రాత్రి చన్నీళ్ళలో నానబెట్టడమే. నేపియర్ పోయిన అవమానం ఇంకా తడి ఆరలేదు, మళ్ళీ విత్తనం ఉడికించి చంపానన్న పేరు కూడా ఎందుకు అనుకుంది. గుండిగ దించేసి, గింజల్ని చన్నీళ్ళలో నానబెట్టింది. ఎవరికీ చెప్పలేదు. అది అబద్ధమని కూడా అప్పుడు అనిపించలేదు.

బీడు చుట్టూ ముళ్ళకంప వేశారు. ఏడాదిపాటు ఏ పశువూ లోపలికి పోకూడదని కట్టుబాటు. ఆ రోజు సత్తియ్య సంఘం అరుగు కింద నిలబడి, "మరి నా గొర్రెలెక్కడికి పోవాలండీ? అటేపు కొండదారి పామాయిలు కంచెలతో మూసేశారు కదండీ" అన్నాడు. దొరబాబు గారు, "ఏడాదే కదా సత్తియ్యా, సర్దుకో" అన్నారు. ఆవులున్నవాళ్ళకి ఇంటి దగ్గర వరిగడ్డి ఉంది. గొర్రెలకి ఏముందో ఎవరూ అడగలేదు. మీనాకుమారి కూడా అడగలేదు.

వానలకి అంజన్ పల్చగానైనా లేచింది. స్టైలో మాత్రం పదికి ఒకటి మొలిచింది. సెప్టెంబరులో సంఘం సమావేశంలో దొరబాబు గారు సూటిగా అడిగారు. "డాక్టరమ్మ చెప్పినట్టే చేశారా?"

"చేశానండి. విత్తనంలోనే ఏదో లోపం ఉంది" అంది మీనాకుమారి.

ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట! ఇంటికెళ్ళాక కూడా మనసు దాన్ని సమర్థించుకుంటూనే ఉంది. నానబెట్టాను కదా, అదీ ఒక పద్ధతే కదా. పనికిరాని విత్తనం ఇచ్చారని సంఘం తరఫున పైఆఫీసుకి ఉత్తరం వెళ్ళింది. కార్యదర్శి కాబట్టి సంతకం ఆమెదే. లావణ్య ఆ తర్వాత చింతలమెరక వచ్చినా బీడు వైపు రాలేదు. పశువులకి సూదిమందు వేసి, పేర్లు రాసుకుని వెళ్ళిపోయేది.

జనవరిలో సత్తియ్య మంద కంప తొక్కి బీడులోకి పోయింది. నాలుగు రోజులు మేశాక గానీ ఎవరూ చూడలేదు. మొలిచిన కొద్దిపాటి స్టైలో అప్పటికి గింజకొచ్చింది. గొర్రెలు దాన్ని తలలతో సహా కొరికేశాయి. ఊరంతా అతని మీద లేచింది. సత్తియ్య దాచలేదు. "మూడు గొర్రెపిల్లలు సచ్చిపోయినయ్యండి, తల్లులకి పాలు లేక. కంప నేనే తీశాను" అన్నాడు. అతని మంద ఇంక ఎప్పటికీ బీడులో కాలు పెట్టకూడదని తీర్మానించారు. ఆ కాగితం మీదా మీనాకుమారి సంతకమే.

తమాషా ఏమిటంటే, ఆ వారమే సత్తియ్య మంద ఆమె జీడితోటలో పడుకుంది. ఎరువుకోసం గొర్రెల మందని రాత్రుళ్ళు తోటల్లో ఉంచుకోవడం ఆ ఊళ్ళో మామూలే. ముందే అనుకున్న మాట కాబట్టి ఎవరూ వద్దనలేదు. అతను ఆరు రోజులు మంద ఉంచి తోలుకుపోయాడు.

జూన్ రెండో వారంలో మొదటి వాన పడింది. వారం పోయాక మీనాకుమారి జీడితోటలోకి వెళ్ళి, మంద పడుకున్న చోట ఆగిపోయింది. నేల మీద చాప పరిచినట్టు మొలకలు. మూడేసి సన్నటి ఆకులు. వంగి ఒకటి తీసింది. అది ఎండిన గొర్రెపెంటికని చీల్చుకుని వచ్చింది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. స్టైలో.

ఆమె అక్కడే జీడిచెట్టు మొదట్లో కూలబడింది. విత్తనంలో లోపం లేదు. గొర్రె కడుపులో వేడికి, పులుపుకి ఆ గట్టి పొర మెత్తబడింది. తాను నాలుగు నిమిషాల వేడినీళ్ళతో చెయ్యాల్సిన పని, దొంగమేత మేసిందని ఊరు వెలివేసిన మంద చేసి పెట్టింది. మొలక నిండుగా వచ్చుంటే గొర్రెలు కొరికింది అంత నేరమయ్యేదీ కాదు. ఒక అబద్ధం ఇద్దరి మీద పడింది. ఒకరు ఉద్యోగం చేసుకునే పిల్ల, ఇంకొకరు తనకి చదువు చెప్పిన ముసలాయన.

ఆ సాయంత్రం సత్యప్రసాద్‌కి జరిగిందంతా చెప్పింది. అతను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ముందు ఎవరికి చెప్తావు?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. లావణ్య ఒక దూడ కాలికి కట్టు కడుతోంది. పని అయ్యేదాకా ఆగి, నిలబడే చెప్పింది. వేడినీళ్ళు పొయ్యలేదని, పోశానని చెప్పానని, ఉత్తరం మీద సంతకం తనదేనని.

లావణ్య చేతులు కడుక్కుంది. "సంజాయిషీ అడిగారండి నన్ను. అది రాయడానికి రెండు ఆదివారాలు కూర్చున్నాను. విత్తనం మళ్ళీ నేనే సొంతంగా మొలకెత్తించి చూశాను. మొలిచింది. అయినా ఎవరూ నమ్మలేదు" అంది. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

"తప్పు నాదమ్మా. ఏం చెయ్యమంటారు?"

"ఇంకో ఉత్తరం రాయండి. మీ చేత్తోనే."

క్షమించాను అనలేదు. మీనాకుమారి ఆ మాట ఆశించనూ లేదు. ఆ ఉత్తరం అక్కడే బల్ల మీద రాసి, పోస్టులో వేసి, ఇంటికొచ్చింది.

సంఘం సమావేశంలో చెప్పడం అంతకన్నా కష్టమైంది. అరుగు మీద ముప్పైమంది. కింద, కబురు పంపితే వచ్చిన సత్తియ్య. ఆమె లేచి, జీడితోటలోంచి తెచ్చిన మొలకలు, వాటి వేళ్ళకి అంటుకున్న పెంటికలతో సహా పళ్ళెంలో పెట్టి తిప్పింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. "కార్యదర్శిగా ఇంకొకర్ని పెట్టుకోండి. కానీ సత్తియ్య బాబాయ్ మీద చేసిన తీర్మానం మాత్రం ముందు కొట్టెయ్యండి" అంది.

కొంతసేపు గుసగుసలు. దొరబాబు గారు పళ్ళెంలోని మొలకని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. "సంవత్సరం పోగొట్టారు కదమ్మా" అన్నారు. మీనాకుమారి తల ఊపింది. "తీర్మానం కొట్టేద్దాం. కార్యదర్శి సంగతి తర్వాత. ముందు వేడినీళ్ళెవరు కాస్తారో చెప్పండి" అన్నారాయన. సత్తియ్య, పళ్ళెం తన దగ్గరికి వచ్చినప్పుడు ఒక పెంటికని వేళ్ళతో చిదిపి, "మంచి పెంటే" అని పక్కవాడికి అందించాడు. అరుగంతా నవ్వింది.

ఆ ఏడాది బీడుని మూడు ముక్కలు చేశారు. ఒక్కో ముక్కని వంతులవారీగా మూసి, మిగతా రెండూ మేతకి వదలాలని నిర్ణయించారు. ఏం వెయ్యాలన్నది ఈసారి ఒక్కరు చెప్పలేదు. ఆవులవాళ్ళు అంజన్ అన్నారు. సత్తియ్య పిల్లిపెసర అడిగాడు, రేగు నరకద్దన్నాడు, గట్ల వెంబడి నల్లతుమ్మ పెట్టమన్నాడు. "తుమ్మ ముల్లు కాదా?" అని ఎవరో అంటే, "కాయ తినే నోటికి ముల్లు లెక్కా అండీ" అన్నాడు. లావణ్య నాలుగు వారాల తర్వాత గానీ రాలేదు, కానీ వచ్చింది. ఏది ఏ ముక్కకో నేల తవ్వి చూసి గీతలు గీసిచ్చింది. స్టైలో గింజల మీద వేడినీళ్ళు మీనాకుమారే పోసింది. నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టింది.

గింజ ముదిరాక, జనవరిలో, సత్తియ్య మందని పిలిచి మరీ మూసిన ముక్కలో మేపారు. రాత్రుళ్ళు బోడిగా ఉన్న చోట పడుకోబెట్టారు. మందకి చోటు ఎంచే పని అతనిదే. పాల సంఘంలో గొర్రెలవాడికి సభ్యత్వం ఎలా ఇస్తారని ఎవరో రూలు తీశారు. దొరబాబు గారు, "గొర్రె కూడా పాలిచ్చేదే కదండీ, కేంద్రానికి పొయ్యదంతే" అని నవ్వేసి సత్తియ్య పేరు రాయించేశారు.

ఇదంతా జరిగి మూడేళ్ళు. ఇప్పుడు బీడు నిండుగా ఉందని చెప్తే అబద్ధమే అవుతుంది. పద్దెనిమిది ఎకరాల్లో అంజన్, స్టైలో కలిసి నిలదొక్కుకున్నాయి. మిగతాచోట పిల్లిపెసర వానకి వచ్చి పోతుంది. ఎగువన నాలుగెకరాలు ఉత్త గులక. అక్కడ రెండుసార్లు చల్లినా ఏమీ రాలేదు. మే నెలలో ఆవులు ఇప్పటికీ కాస్త చిక్కుతాయి, కానీ సాయంత్రం డొక్క నింపుకునే వస్తాయి.

మొన్న జూన్‌లో మీనాకుమారి ఒక సంచి విత్తనం భుజాన వేసుకుని ఆ నాలుగెకరాలకి బయల్దేరింది. సత్తియ్య అప్పటికే అక్కడ ఉన్నాడు. గొర్రెలన్నీ మేసి, గులక మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని నెమరేస్తున్నాయి. కొద్ది దూరంలో ఊరి ఆవులు కూడా.

"ఇక్కడ కూడా ఏదో ఒకటి వెయ్యాలి బాబాయ్. ఈసారి వేరే రకం అడుగుదామా డాక్టరమ్మని?"

సత్తియ్య మంద వైపు చూశాడు. "ఏసుకోండి కావాలంటే. కానీ సూడండి, తిన్నాక ఆటికి పడుకోడానికి ఇదే సోటు. పొడి నేల, గాలి ఆడుద్ది, జోరీగలు రావు. అంతా గడ్డే అయిపోతే ఎక్కడ పడుకుంటాయి?"

ఆమె సంచి దించి, ఒక రాయి మీద కూర్చుంది. ఆవు ఒకటి కళ్ళు సగం మూసుకుని దవడ ఆడిస్తోంది. దాని పక్కనే ఒక గొర్రెపిల్ల, ఆవు డొక్కకి ఆనుకుని నిద్రపోతోంది. చాలాసేపు అలా చూసి, విప్పని సంచిని మళ్ళీ భుజానికెత్తుకుని, ఆమె ఇంటిదారి పట్టింది.